కరకరలాడే బెండకాయ వేపుడు: బాణలా, ఎయిర్ ఫ్రైయరా, పెనమా?

అందరికీ నమస్కారం. ఇవాళ నా ముందు మూడు ప్లేట్లున్నాయి, మూడింట్లోనూ బెండకాయే. ఇది బాణలిలో నూనెలో ముంచి వేయించింది. ఇది ఎయిర్ ఫ్రైయర్‌లో చేసింది. ఈ చివరిది పెనం మీద కొద్దిపాటి నూనెతో వేపింది. ఓవెన్‌లో కూడా చేశాను, దాని సంగతి మధ్యలో చెప్తాను. కాయలన్నీ ఒకే రకం, తరగడం ఒకేలా, ఉప్పూ కారం కూడా అంతే. ముందే చెప్పేస్తున్నా, గెలిచింది బాణలే. ఆ ఒక్క ముక్క కోసం వచ్చినవాళ్లు ఇక్కడితో వెళ్లిపోయినా నేనేమీ అనుకోను. ఎందుకు గెలిచిందో తెలిస్తే మాత్రం మిగతా రెండూ ఎప్పుడు పనికొస్తాయో కూడా తెలుస్తుంది.

బెండకాయలో దాదాపు 90 శాతం నీళ్లే. ముక్క కరకరలాడాలంటే ఆ నీళ్లు బయటికి పోవాలి, అంతకు మించిన రహస్యం ఏదీ లేదు. పిండి, మసాలా అన్నీ ఆ తర్వాతి మాట. చిక్కల్లా జిగురుతోనే. బెండ, మందారం ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. మందారాకు నలిపితే వేళ్లకు అంటుకునే జిగురు ఉంటుంది చూడండి, ఇదీ ఆ తరహాదే. పొడవాటి చక్కెర గొలుసులతో తయారైన పదార్థం ఇది. నీళ్లు తగిలితే ఉబ్బి తీగలు సాగుతుంది, ఆ నీటిని తొందరగా వదలదు. కాబట్టి కడిగిన తర్వాత తరగాలి, తరిగిన తర్వాత కడగకూడదు. కడిగిన కాయల్ని గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాన్ కింద ఓ అరగంట వదిలేయండి. కత్తీ పీటా కూడా పొడిగా ఉండాలి. విసుగు పనే, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ వదిలేసిన తడికి తర్వాత పొయ్యి దగ్గర రెట్టింపు సమయం పడుతుంది, పైగా కాగిన నూనె చిటపటలాడి చేతుల మీద పడుతుంది.

కాయ లేతగా ఉండాలి. కొస వంచితే టక్కున విరగాలి. వంగిపోయి పీచు సాగిందంటే వేపుడుకు పెట్టకండి. ఎంత వేయించినా ఆ పీచు పంటి కింద తగులుతూనే ఉంటుంది. ఫ్రోజెన్ బెండకాయ కూడా దీనికి వద్దు. గడ్డకట్టేటప్పుడు ఏర్పడే మంచు పలుకులు కాయ లోపలి కణాల గోడల్ని చీల్చేస్తాయి, కరగగానే నీళ్లూ జిగురూ కలిసి బయటికొస్తాయి.

ఇక తరగడం. నా ఓటు నిలువు చీలికలకే. తొడిమ, కొస తీసేసి కాయను నిలువుగా నాలుగుగా, లావు కాయైతే ఆరుగా చీల్చండి. గింజలు రాలితే రాలనివ్వండి. చీలిక సన్నగా ఉంటే ఆవిరి పోవడానికి దారి దగ్గరవుతుంది. అంగుళం మందం చక్రాలు కోస్తే పైన రంగొచ్చేసినా లోపల మెత్తగానే ఉంటుంది. చక్రాలే కావాలంటే బాగా పల్చగా తరగండి.

ఇప్పుడు నాకు అస్సలు నచ్చని సలహా ఒకటి. ముక్కలకు ముందే ఉప్పు పట్టించి పది నిమిషాలు పక్కన పెట్టమంటారు. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది, అది నిజమే. ఆ నీళ్లకు పొడి పిండి బాగా అంటుకుంటుంది, అదీ నిజమే. కానీ అలా చేస్తే కరకర అంతా పైన పిండిదే, కింద కాయ మెత్తగా ఉంటుంది. చల్లారే లోపు లోపలి చెమ్మ పైకొచ్చి ఆ పిండి కూడా మెత్తబడుతుంది. నా ప్లేట్లో పిండే లేదు. పిండి ఇష్టమైనవాళ్లు పావు కిలో ముక్కలకు రెండు స్పూన్ల బియ్యప్పిండి, ఒక స్పూన్ శనగపిండి పొడిగా చల్లి, జల్లించినట్టు కుదిపి, వెంటనే నూనెలో వేయండి. బియ్యప్పిండితో కరకర వస్తుంది, శనగపిండితో రంగూ రుచీ వస్తాయి. మైదా వద్దు, తడి తగిలితే సాగుతుంది.

సరే, బాణలి. నూనె 175 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఒక ముక్క వేసి చూడండి. అడుక్కి పోయి అక్కడే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదు. బుడగలతో వెంటనే పైకి తేలితే సరిపోయింది. పొగ వస్తుంటే మంట తగ్గించండి. ముక్కలన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నూనె వేడి పడిపోయి, వేగాల్సినవి ఉడుకుతాయి. అందుకే రెండు మూడు వాయలుగా వేయాలి. వేయగానే గరిటె పెట్టి కెలకకండి, ఓ నిమిషం ఆగండి.

ఆ బుడగలు కాయలోంచి వచ్చే ఆవిరే. అవి నురగలా పొంగుతున్నంతసేపూ లోపల నీళ్లున్నట్టు లెక్క. బుడగలు పల్చబడి, చప్పుడు తగ్గితే తీసేయొచ్చు. మీకు కావాల్సిన రంగు కంటే ఒక మెట్టు ముందే తీయండి, బయటికొచ్చాక కూడా ముక్క కాస్త నల్లబడుతుంది. ఇంకో సంగతి, ముక్క నూనె పీల్చేది ఎక్కువగా బయటికి తీశాకే. చల్లారేటప్పుడు లోపలి ఆవిరి కుదించుకుపోయి, పైనున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. అందుకని చిల్లుల గరిటెతో తీసి గట్టిగా విదిలించి, జాలీ స్టాండ్ మీద పల్చగా పరవండి. గిన్నెలో కుప్ప పోస్తే అడుగు ముక్కలు పై ముక్కల వేడికే మెత్తబడతాయి. ఉప్పూ కారం వేడి మీదే చల్లాలి. నిమ్మరసం మాత్రం తినేటప్పుడే.

వినండి. ఈ శబ్దం మైకులో వస్తోందనుకుంటా. గింజ దగ్గర కూడా మెత్తదనం లేదు.

రెండో ప్లేట్, ఎయిర్ ఫ్రైయర్. పావు కిలోకి ఒక స్పూన్ నూనె పట్టించి, 190 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదిపాను. అంచులు బాగా వచ్చాయి. తొక్క ఉన్న వైపు మాత్రం కొంచెం సాగుతోంది, చల్లారాక ఇంకా తెలుస్తుంది. బుట్టలో ఒకే వరసగా పేరిస్తేనే ఈ మాత్రం వస్తుంది, నింపేస్తే వేడి గాలి ముక్కల మధ్యకు పోదు. ఒకరిద్దరికైతే సరే, ఇంటిల్లిపాదికీ అంటే ఇందులోనూ వాయలు తప్పవు, అప్పుడు బాణలే త్వరగా అయిపోతుంది. పొడి పిండి చల్లితే అక్కడక్కడా తెల్లగా పచ్చిపచ్చిగా మిగిలిపోతుంది, వేయకండి. ఓవెన్ కూడా ఇదే కథ, 220 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు. ట్రేలో ఎక్కువ పడతాయన్నదే లాభం.

మూడోది పెనం. మూడు స్పూన్ల నూనె, మధ్యస్థం మంట, మూత లేకుండా ఇరవై నిమిషాల పైనే. మూత పెడితే ఆవిరి నీళ్లై మళ్లీ ముక్కల మీదే పడుతుంది. రుచికి వంక పెట్టను, అక్కడక్కడా కమ్మగా కాలిన వాసన కూడా ఉంది. కూరగా ఇదే తింటాను. కానీ కరకర కోసం చేస్తున్నామంటే ఇది పోటీలో లేనట్టే.

మిగిలితే పూర్తిగా చల్లారాక గాలి చొరబడని డబ్బాలో పెట్టండి, వేడిగా పెడితే మూత లోపల చెమ్మ పడుతుంది. మరీ ఎక్కువసేపు ఉంచకండి. మెత్తబడితే మైక్రోవేవ్ జోలికి పోవద్దు, అందులో ఇంకా మెత్తబడతాయి. ఎయిర్ ఫ్రైయర్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. బాణలిలో వేయించిన ముక్కల్ని అందులో 180 దగ్గర రెండు మూడు నిమిషాలు తిప్పితే, కరకర చాలావరకు తిరిగొస్తుంది.