1986: చెప్పినా వినని ఏడాది

[తెర మీద: చీకటి ఆకాశం, మసకగా ఒక తోకచుక్క]

1986 ఫిబ్రవరి 9. హేలీ తోకచుక్క సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చిన రోజు. సుమారు 76 ఏళ్లకోసారి వచ్చే చుట్టం. తోకచుక్క కనబడితే లోకానికి అరిష్టం అనేవాళ్లు మన పెద్దవాళ్లు. పాపం, ఆ ఏడాది అది సరిగ్గా కనబడనే లేదు. సూర్యుడికి ఇటు మనం, అటు అది. డాబా ఎక్కి మెడ నొప్పి పుట్టేలా వెతికినవాళ్లే ఎక్కువ.

అరిష్టాలు మాత్రం కొరత లేకుండా వచ్చాయి. తోకచుక్క మీదకి నెట్టేద్దామంటే కుదరదు. ఎందుకంటే ఆ ఏడాది జరిగిన పెద్ద ప్రమాదాలు కొన్నింటికి ముందే హెచ్చరిక ఉంది. ఆకాశంలో కాదు, కాగితం మీద. సంతకం, తేదీతో సహా.

[తెర మీద: టైపు చేసిన పాత మెమో. తేదీ: 1985 జూలై 31]

ఈ కాగితం రాసినాయన రోజర్ బోయిజోలీ. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మోర్టన్ థియోకోల్ అనే కంపెనీలో ఇంజినీరు. నాసా స్పేస్ షటిల్‌కి రెండు పక్కలా ఉండే తెల్లటి బూస్టర్ రాకెట్లు చేసేది ఆ కంపెనీయే. ఆ బూస్టరు ఒకే గొట్టం కాదు, ముక్కలుగా చేసి అతికిస్తారు. అతుకుల దగ్గర మంట బయటికి తన్నకుండా లోపల రెండేసి రబ్బరు రింగులు. వాటినే ఓ-రింగులు అంటారు. చుట్టు చూస్తే 12 అడుగుల వ్యాసం, మందం చూస్తే పావు అంగుళం కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఆ రింగు పనేంటో తెలియాలంటే రాకెట్ సైన్స్ అక్కర్లేదు, వంటింట్లోకి వెళ్తే చాలు. గట్టిపడిపోయిన గ్యాస్కెట్ పెట్టి కుక్కర్ మూత బిగించండి. విజిల్ రాదు, పక్కనుంచి ఆవిరి బుస్సుమంటుంది. చలికి ఓ-రింగుకి పట్టే గతి కూడా అదే. 1985 జనవరిలో చలిలో ఎగిరిన ఒక షటిల్ బూస్టర్లను సముద్రంలోంచి తెచ్చి విప్పి చూస్తే, అతుకులో పూసిన గ్రీజు మసిబారి నల్లగా ఉంది. అంటే మొదటి రింగు దాటి వేడి గ్యాస్ లోపలికి వచ్చేసింది. బోయిజోలీ అది కళ్లారా చూశాడు. దీన్ని సరిచేయకపోతే ప్రాణాలు పోతాయి అని ఆ జూలైలో పైవాళ్లకి రాసి ఇచ్చాడు.

[తెర మీద: 1986 జనవరి 27, రాత్రి. ఫోన్ చుట్టూ కూర్చున్న మనుషుల గీతచిత్రం]

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ రాత్రిని తొందరగా దాటేయకూడదు.

మర్నాడు ఉదయం ఫ్లోరిడాలో ఛాలెంజర్ ఎగరాలి. ఏడుగురు మనుషులు, అందులో ఒకావిడ క్రిస్టా మెకాలిఫ్, స్కూలు టీచరు. ఆవిడ అంతరిక్షంలోంచి పాఠం చెబుతుందని దేశమంతా పిల్లల్ని టీవీల ముందు కూర్చోబెడుతున్నారు. ఆ రాత్రి గడ్డకట్టే చలి అని వాతావరణ సూచన. యూటా, అలబామా, ఫ్లోరిడా మధ్య ఫోన్లో మీటింగు పెట్టారు. థియోకోల్ ఇంజినీర్లు తేల్చి చెప్పారు: 12 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే వద్దు.

నాసా వైపు లారీ మల్లాయ్ అనే మేనేజరుకి చిర్రెత్తింది. అయితే ఎప్పుడు ఎగరమంటారు, ఏప్రిల్లోనా అన్నాడు. థియోకోల్ వాళ్లు ఐదు నిమిషాలు టైమడిగి లైన్ మ్యూట్‌లో పెట్టారు. ఆ ఐదు అరగంటయింది. అక్కడ ఇంజినీరింగ్ పెద్ద అయిన లండ్‌తో పైఅధికారి అన్న మాట తరవాత విచారణ రికార్డుల్లోకి ఎక్కింది: ఇంజినీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకో. ఇంజినీర్లని మళ్లీ అడగలేదు. లైన్లోకి తిరిగొచ్చి సరే ఎగరండి అన్నారు. ఫ్లోరిడాలో ఉన్న కంపెనీ ప్రతినిధి అలన్ మెక్‌డొనాల్డ్ సంతకం పెట్టనన్నాడు. అయినా ఆగలేదు. యూటాలో ఇంకొకాయన పెట్టిన సంతకం ఫ్యాక్స్‌లో వచ్చేసింది.

ఇందులో నాకు మింగుడుపడనిది కేకలూ కోపాలూ కాదు. ఎప్పుడూ అడిగే ప్రశ్న "ఇది క్షేమమని రుజువు చేయండి" అని. ఆ రాత్రి అదే ప్రశ్న తిరగబడింది: "ఇది పేలుతుందని రుజువు చేయండి." అలా రుజువు చేయడం ఎవరి తరం?

[తెర మీద: లాంచ్ ప్యాడ్ ఇనుప కడ్డీలకు వేలాడుతున్న మంచు]

పొద్దున 11:38. చలి సుమారు 2 డిగ్రీలు. యూటాలో బోయిజోలీ చూడనని భీష్మించుకున్నాడు, తోటి ఇంజినీరు బాబ్ ఎబెలింగ్ బతిమాలి టీవీ ముందుకి తెచ్చాడు. పేలితే నేల మీదే, నిప్పంటుకున్న క్షణమే పేలుతుందని వాళ్ల భయం. షటిల్ లేచింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నారు. 73వ సెకనులో తెల్లటి పొగ రెండు కొమ్ములుగా చీలింది.

ఫిబ్రవరి 11న విచారణ. కమిషన్ సభ్యుడు, భౌతికశాస్త్రంలో నోబెల్ తీసుకున్న రిచర్డ్ ఫైన్‌మన్ ఆ ఉదయమే హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి చిన్న బిగింపు పట్టకారు కొనుక్కొచ్చాడు. కెమెరాల ముందు ఓ-రింగు ముక్కని అందులో బిగించి ఐసునీళ్ల గ్లాసులో వేశాడు. కాసేపటికి తీసి పట్టు వదిలాడు. రబ్బరు వెంటనే పైకి లేవలేదు, నొక్కినచోటే నొక్కుకుపోయి ఉంది. కొన్ని నెలలుగా ఇంజినీర్లు గ్రాఫులు గీసి చెప్పలేకపోయింది ఒక గ్లాసు నీళ్లలో తేలిపోయింది.

[తెర మీద: మనీలా, ఓట్ల లెక్కింపు హాలు]

ఇప్పుడు మళ్లీ ఆ ఫిబ్రవరి 9కే వెళ్దాం. తోకచుక్క సూర్యుడి దగ్గరున్న రోజే ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఓట్లు లెక్కిస్తున్నారు. ఒకవైపు ఇరవై ఏళ్లుగా కుర్చీలో ఉన్న ఫెర్డినాండ్ మార్కోస్. ఇంకోవైపు హత్యకు గురైన ప్రతిపక్ష నాయకుడి భార్య కొరజాన్ అకీనో. కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు ఒకటి గమనించారు: తాము ఎక్కిస్తున్న అంకెలు ఒకటి, పైన బోర్డు మీద కనబడుతున్నవి ఇంకొకటి. ముప్పై మందికి పైగా ఆపరేటర్లు ఒక్కసారిగా లేచి బయటికి నడిచారు. టీవీ కెమెరాల ముందే. కొందరు ఏడుస్తున్నారు. వెళ్లి ఒక చర్చిలో తలదాచుకున్నారు.

చూడండి, డేటా ఎంట్రీ ఉద్యోగులు ఒక నియంత పునాది కదిపేశారు. రెండు వారాలకి రక్షణమంత్రి ఎన్రిలే, సైన్యంలో రెండో పెద్ద అయిన రామోస్ తిరగబడ్డారు. వాళ్లని కాపాడండని అక్కడి కేథలిక్ మతపెద్ద కార్డినల్ సిన్ రేడియోలో పిలుపిస్తే లక్షలమంది ఎడ్సా అనే పెద్ద రోడ్డు మీదకి వచ్చారు. ట్యాంకుల ముందు నన్లు మోకరిల్లి జపమాలలు తిప్పారు. ట్యాంకులు ఆగాయి. ఫిబ్రవరి 25 రాత్రి మార్కోస్ కుటుంబంతో సహా పారిపోయాడు, హవాయి చేరాడు. వెనక మిగిలినవాటిలో భార్య ఇమెల్డా చెప్పులు, వెయ్యికి పైగా జతలు.

చెప్పుల మాట గుర్తుంచుకోండి. ఇంకో జత వస్తుంది.

[తెర మీద: చెర్నోబిల్ నాలుగో రియాక్టర్ కంట్రోల్ రూం]

ఏప్రిల్ 18న షార్జాలో చేతన్ శర్మ ఆఖరి బంతికి మియాందాద్ సిక్సు కొట్టాడు. మనవాళ్లకి ఆ నెల పేరెత్తితే అదే గుర్తు. సరిగ్గా ఎనిమిది రోజులకి, ఏప్రిల్ 26 రాత్రి 1:23కి, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఉక్రెయిన్‌లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం నాలుగో రియాక్టర్ పేలింది.

విచిత్రం ఏంటంటే అది భద్రతా పరీక్ష చేస్తుండగా జరిగింది. కరెంటు పోతే, ఆగిపోతున్న టర్బైను తన ఊపుతో పంపుల్ని కాసేపు నడిపించగలదా? ఇదీ పరీక్ష. పగలు చేయాల్సింది. మధ్యాహ్నం కీవ్ నుంచి కరెంటు కావాలి, కాస్త ఆగండి అన్నారు. ఆగి ఆగి రాత్రి అయింది. సిద్ధమైన షిఫ్టు ఇంటికెళ్లింది, సిద్ధంగా లేని నైట్ షిఫ్టు కూర్చుంది. రియాక్టర్ నడుపుతున్న తోప్తునోవ్ వయసు 25. శక్తి ఉన్నట్టుండి దాదాపు సున్నాకి పడిపోయింది. మళ్లీ లేపడానికి నియంత్రణ కడ్డీలు ఒక్కొక్కటే బయటికి లాగారు. 700 మెగావాట్ల దగ్గర చేయాల్సిన పరీక్ష 200 దగ్గర మొదలెట్టారు. చివర్లో రియాక్టర్ ఆపేద్దామని అత్యవసర బటన్ నొక్కారు.

ఆ బటనే కొంప ముంచింది. కడ్డీల కొసలకి గ్రాఫైట్ ఉంది. అన్ని కడ్డీలూ ఒకేసారి దిగేసరికి, మొదటి క్షణాల్లో ఆ గ్రాఫైట్ అడుగుభాగంలో శక్తిని తగ్గించాల్సింది పోయి పెంచింది. బ్రేకు తొక్కితే బండి దూకినట్టు. మూడేళ్ల ముందే, 1983లో, లిథువేనియాలోని ఇగ్నాలినా ప్లాంటు పరీక్షల్లో ఈ లోపం బయటపడింది. ఉత్తరాలు నడిచాయి. డిజైను మారలేదు. తప్పంతా ఆపరేటర్లదేనని మొదట తేల్చారు. తోప్తునోవ్ మూడు వారాలు తిరక్కుండానే పోయాడు. అసలు నేరం డిజైనుదే ఎక్కువని అంతర్జాతీయ నివేదిక చెప్పింది 1992లో.

ఆ శనివారం పక్కనే ఉన్న ప్రిప్యాట్ ఊళ్లో పిల్లలు బడికెళ్లారు. పెళ్లిళ్లు జరిగాయి. ఆదివారం మధ్యాహ్నం వెయ్యికి పైగా బస్సులు వచ్చి దాదాపు 49 వేల మందిని ఎక్కించుకున్నాయి. మూడు రోజుల్లో వచ్చేస్తాం అనుకుని చిన్న సంచులతో బయల్దేరారు.

[తెర మీద: ఒక జత బూట్లు]

ఇదిగో ఆ రెండో జత. ఏప్రిల్ 28 సోమవారం ఉదయం. చెర్నోబిల్‌కి 1,100 కిలోమీటర్ల దూరంలో, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక ఉద్యోగి గేటు దాటుతుంటే రేడియేషన్ అలారం మోగింది. అతనేమీ రియాక్టర్ దగ్గర్నుంచి రావడం లేదు. చూస్తే బూట్ల అడుగున ధూళి. మా ప్లాంటే కారుతోందా అని టెన్షన్ పడి వెతికారు. చివరికి గాలి వచ్చిన దిక్కు చూసి అర్థం చేసుకున్నారు, ఇది తూర్పు నుంచి వచ్చిందని. ఆ రాత్రి తొమ్మిదింటికి మాస్కో టీవీ ఐదు పొట్టి వాక్యాలు చదివింది. సోవియట్ అధినేత గోర్బచేవ్ తెర మీదకి వచ్చి మాట్లాడింది మే 14న. అక్టోబర్‌లో ఐస్‌లాండ్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్‌తో కూర్చుని అణ్వాయుధాలు మొత్తం తీసేద్దామా అన్నంత దూరం వెళ్లిన గోర్బచేవ్ వెనక ఈ ఏప్రిల్ కూడా ఉంది. ఆ చర్చలు ఒప్పందం దాకా రాలేదు, అది వేరే వీడియోకి సరిపడే కథ.

జూన్ గురించి ఒక్క మాట. 22న మెక్సికోలో మారడోనా చేత్తో గోల్ కొట్టాడు, స్టేడియంలో లక్ష మంది ఉన్నా చూడాల్సిన రిఫరీ చూడలేదు. నాలుగు నిమిషాలకి కాళ్లతో ఇంకోటి కొట్టాడు, అది అందరూ చూశారు.

[తెర మీద: భద్రాచలం, గోదావరి నీటిమట్టం కొలబద్ద]

ఆగస్టు మనది. గోదావరి దగ్గర హెచ్చరిక అంటే కబురు కాదు, అంకె. భద్రాచలంలో 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. నాలుగోది లేదు. 1986 ఆగస్టు 16న నీరు 75.6 అడుగులకి లేచింది. అంటే ఆఖరి హెచ్చరిక మీద ఇంకో రెండంతస్తుల నీళ్లు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు లంకలుగా మిగల్లేదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా అక్కడి పెద్దవాళ్ల నోట "ఎనభయ్యారు అంత రాలేదులే" అన్న మాటే.

ఐదు రోజుల తరవాత, ఆగస్టు 21 రాత్రి, ఆఫ్రికాలోని కామెరూన్‌లో నీళ్లు అసలు పొంగకుండానే మనుషుల్ని చంపాయి. నియోస్ అనేది అగ్నిపర్వతం నోట్లో ఏర్పడ్డ లోతైన చెరువు. అడుగున కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి నీళ్లలో కరిగి అణిగి ఉంది. గోలీసోడా లాగా, గోలీ బదులు రెండు వందల మీటర్ల నీళ్ల బరువు. ఆ రాత్రి అది కదిలి, గ్యాస్ పైకి తన్నింది. గాలికన్నా బరువు కాబట్టి నేలను పాకుతూ లోయల్లోకి దిగింది. నిద్రలోనే 1,700 మందికి పైగా పోయారు. వేల పశువులు పోయాయి. శవాల మీద ఈగ కూడా వాలలేదు, ఈగలు మిగిలితే కదా.

రెండేళ్ల ముందు అదే దేశంలో మోనూన్ చెరువు దగ్గర ఇలాగే 37 మంది చచ్చిపోయారు. చెరువులోంచి గ్యాస్ వచ్చి ఉంటుందని రాసిన శాస్త్రవేత్త వ్యాసాన్ని, ఇదేం విడ్డూరమని ఒక పెద్ద పత్రిక తిప్పి పంపింది. 2001లో నియోస్ అడుగుదాకా గొట్టం దింపారు. ఒకసారి నీళ్లు లాగి వదిలితే చాలు, గ్యాసే నీళ్లని తోసుకుంటూ యాభై మీటర్ల ఎత్తుకి చిమ్ముతుంది. మోటారు అక్కర్లేదు.

[తెర మీద: కరాచీ విమానాశ్రయం, రన్‌వే పక్కన ఆగిన విమానం]

సెప్టెంబర్ 5 తెల్లవారుజామున బొంబాయి నుంచి బయల్దేరిన అమెరికా కంపెనీ విమానం పాన్ యామ్ 73 కరాచీలో ఆగింది. సెక్యూరిటీ వాళ్ల యూనిఫాంలో నలుగురు తుపాకులతో ఎక్కారు. నీర్జా భనోట్ అనే అమ్మాయి, క్యాబిన్ సిబ్బందికి పెద్ద, వెంటనే కాక్‌పిట్‌కి హైజాక్ అని కబురు అందించింది. ఆ ఏడాది ఒక హెచ్చరిక విన్న క్షణమే పనిచేసిందంటే ఇదే. కాక్‌పిట్‌లోని ముగ్గురూ పైకప్పులోని అత్యవసర ద్వారం గుండా దిగిపోయారు. ఇంక విమానాన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేరు. ప్రయాణికుల్ని వదిలేసి పోయారని పైలట్లని తిట్టినవాళ్లూ ఉన్నారు. కానీ నడిపేవాళ్లు లేని విమానం నేల మీదే ఉంటుంది, అప్పటి పద్ధతి కూడా అదే.

పాస్‌పోర్టులన్నీ పోగుచేయమని హైజాకర్లు చెప్పారు, అమెరికన్లని ఏరడానికి. నీర్జా, తోటి సిబ్బంది అమెరికన్ల పాస్‌పోర్టులు సీట్ల కిందికి తోసేశారు, కొన్ని చెత్త పారేసే సందులో పడేశారు. పదిహేడు గంటలకి విమానంలో లైట్లు ఆరిపోయాయి, కాల్పులు మొదలయ్యాయి. ఆమె తలుపు తెరిచి మనుషుల్ని బయటికి పంపుతూ ఉంది. తాను దిగలేదు.

రెండు రోజులు ఆగితే ఆమెకి 23 నిండేవి.