ఒక కళ్లం, రెండు ధరలు: బైబిలు వైరుధ్యాలపై రివ్యూ

ప్రేక్షకులకు నమస్కారం. ఈ రోజు రివ్యూకు తీసుకున్నది కొత్త పుస్తకమేమీ కాదు. బైబిలు పాత నిబంధనలో సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయాన్ని, దినవృత్తాంతముల మొదటి గ్రంథం 21వ అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టి చదవబోతున్నాం. రెండింటిలోనూ రాజు ఒకడే, సేనాపతి ఒకడే, కథా ఒకటే. అసలు వివరాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం రెండు గ్రంథాలకూ పొసగదు.

ముందుగా ఒక మాట చెప్పాలి. బైబిలులోని పరస్పర విరుద్ధాలంటూ చేతులు మారే జాబితాలను నేను పెద్దగా నమ్మను. సామెతల గ్రంథం 26వ అధ్యాయంలో నాలుగో వచనం మూర్ఖుడికి వాడి మూర్ఖత్వానికి తగ్గట్టు జవాబు చెప్పవద్దంటుంది, ఐదో వచనం చెప్పమంటుంది. అదిగో దొరికిపోయారని చంకలు గుద్దుకునేవారున్నారు. ఆ రెండు మాటలనూ కావాలనే పక్కపక్కన పెట్టినవాడికి వాటి మధ్య తేడా కనబడలేదని అనుకుంటే, ఆ వచనాల్లోని మూర్ఖుడెవరో వేరే వెతకనక్కర్లేదు. అటువంటివి వదిలేసి, తప్పించుకోవడానికి సందు దొరకని కేసునే చూద్దాం.

దావీదు రాజు తన ప్రజలను లెక్కపెట్టించాలనుకుంటాడు. అది పాపమని తరువాత తేలుతుంది. ఆ పాపానికి అతణ్ణి ప్రేరేపించిందెవరని అడిగితే, సమూయేలు గ్రంథం సాక్షాత్తు యెహోవాయేనని చెబుతుంది, దినవృత్తాంతములు సాతాను అని చెబుతాయి. అనుమానితుల్లో ఇంతకంటే ఎడమొహం పెడమొహంగా ఉండే ఇద్దరిని ఎంచడం ఎవరి తరమూ కాదు. దేవుడు అనుమతిచ్చాడు, సాతాను అమలు చేశాడు అని సమర్థకులు సర్దిచెబుతారు గాని, సమూయేలు వాక్యంలో అనుమతి ఊసే లేదు. దినవృత్తాంతముల రచయిత చెరకాలం (యూదులు బబులోనులో బందీలుగా ఉన్న కాలం) తరువాత, సమూయేలు గ్రంథాన్ని ఎదురుగా పెట్టుకుని రాశాడని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. దేవుడే పాపానికి పురికొల్పి, దేవుడే శిక్షించడం ఆయనకు మింగుడుపడి ఉండదు. అందుకే పాత్రను మార్చాడని నా అనుమానం.

సేనాపతి యోవాబుకు ఈ పని ఇష్టం లేకపోయినా, 9 నెలల 20 రోజులు దేశమంతా తిరిగి లెక్క తెస్తాడు. కత్తి దూయగలవారు ఇశ్రాయేలులో 8 లక్షలు, యూదాలో 5 లక్షలు అని సమూయేలు చెబితే, 11 లక్షలు, 4 లక్షల 70 వేలు అని దినవృత్తాంతములు చెబుతాయి. ఇందులో అసలు తమాషా ఏమిటంటే, యోవాబు లేవి, బెన్యామీను గోత్రాలను లెక్కలో చేర్చలేదని చెప్పేది దినవృత్తాంతములే. రెండు గోత్రాలను మినహాయించిన చోటే ఇశ్రాయేలు సంఖ్య 3 లక్షలు పెరిగింది. పైగా ఇదంతా యోధుల లెక్క మాత్రమే. ఆడవారు, పిల్లలు, ముసలివారు కూడా కలిస్తే ఆ కొండ ప్రాంతంలో నిలబడడానికి చోటెక్కడిదని అడగాలనిపిస్తుంది.

తరువాత గాదు అనే ప్రవక్త వచ్చి, మూడు శిక్షల్లో ఒకటి కోరుకోమంటాడు. కరవు 7 ఏళ్లని సమూయేలులో, 3 ఏళ్లని దినవృత్తాంతములలో ఉంది. ఇక్కడ నేను పట్టు పట్టను, ఎందుకంటే సమూయేలు గ్రంథపు ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ 3 అనే ఉంది కనుక, ఇది రాతప్రతుల దగ్గర జరిగిన పొరపాటు కావచ్చు. చివరికి తెగులు వచ్చి 70 వేల మంది చనిపోతారు. గమనించండి, రెండు గ్రంథాలూ తేడా లేకుండా చెప్పే పెద్ద సంఖ్య ఇదొక్కటే. లెక్కపెట్టించినవాడు బతికి, లెక్కలో ఉన్నవారు చచ్చారన్న విషయంలో ఇద్దరు రచయితలకూ అభ్యంతరం లేదు.

ఇక కళ్లం సంగతి. తెగులు ఆగడానికి దావీదు బలిపీఠం కట్టవలసిన స్థలం ఒక యెబూసీయుడి, అంటే యెరూషలేము పాత నివాసుల్లో ఒకడి, కళ్లం. అతని పేరు ఒకచోట అరౌనా, ఇంకొకచోట ఒర్నాను. పేర్ల ఉచ్చారణ మారడం మామూలే. కానీ ధర? కళ్లాన్నీ ఎడ్లనూ కలిపి 50 తులాల వెండికి కొన్నాడని సమూయేలు, ఆ స్థలానికి 600 తులాల బంగారం ఇచ్చాడని దినవృత్తాంతములు చెబుతాయి. బైబిలు తులం సుమారు 11 గ్రాములనుకుంటే, ఒకటి అరకిలో దాటిన వెండి, ఇంకొకటి ఆరున్నర కిలోల బంగారం. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు విలువ ఒకటి, చేతులు మారిన విలువ ఇంకొకటి ఉండడం తెలిసిందే కాబట్టి, ఈ భాగం తెలుగు పాఠకుడికి అర్థమైనంత తేలికగా ఇంకెవరికీ అర్థం కాదేమో.

సమర్థకులు దీనికి చెప్పే జవాబు నిజానికి అంత చెడ్డది కాదు. 50 తులాలు కళ్లానికీ ఎడ్లకూ, 600 తులాలు చుట్టూ ఉన్న మొత్తం స్థలానికీ అంటారు. యూదు మతగురువులైన రబ్బీలు ఇంకా చమత్కారంగా, 12 గోత్రాల నుంచి గోత్రానికి 50 చొప్పున వసూలు చేస్తే 600 అవుతుందన్నారు. గుణకారం సరిపోయింది గాని, వెండి బంగారమైన వైనం మాత్రం తేలలేదు. నాకు తోచిన కారణం వేరు. సొలొమోను దేవాలయం కట్టింది ఆ కళ్లం మీదేనని దినవృత్తాంతములే చెబుతాయి. అబ్రాహాము భార్యను పాతిపెట్టడానికి కొన్న పొలానికే 400 తులాల వెండి పోసిన చరిత్రలో, దేవాలయ స్థలం 50 తులాలకు వచ్చిందంటే పరువు దక్కుతుందా?

ఈ ఇబ్బంది నేటి నాస్తికులు కనిపెట్టినదేమీ కాదు. నెల మొదటి దినపు బలికి సంఖ్యాకాండం రెండు కోడెలను, ఏడు గొర్రెపిల్లలను అడిగితే, యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథంలో ఒక కోడెతో, ఆరు గొర్రెపిల్లలతో సరిపెట్టాడు. ఇటువంటి తేడాల వల్ల యెహెజ్కేలు గ్రంథాన్ని మూలన పెట్టేయాలనే దాకా వచ్చిందనీ, అప్పుడు హనన్యా బెన్ హిజ్కియా అనే పెద్ద 300 పీపాల నూనె తెప్పించుకుని, మేడగదిలో దీపం కింద కూర్చుని అన్నింటికీ పొంతన కుదిర్చాడనీ యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్మూదు చెబుతుంది. ఒక్క గ్రంథానికే 300 పీపాలు. ఆయన రాసిన వివరణలు మనకు దక్కలేదు, నూనె లెక్క మాత్రం దక్కింది.

నూనె ఎంత పోసినా వెలగనివి కొన్ని ఉన్నాయి. యూదా రాజు యెహోరాము 32వ ఏట గద్దెనెక్కి, 8 ఏళ్లు ఏలి చనిపోయాడు, అంటే 40 ఏళ్లు. వెంటనే అతని కడగొట్టు కొడుకు అహజ్యా రాజయ్యాడు. రాజుల గ్రంథం ప్రకారం అప్పటికి అతని వయసు 22, దినవృత్తాంతముల హెబ్రీ పాఠం ప్రకారం 42. తండ్రి కంటే కడసారి కొడుకు రెండేళ్లు పెద్ద! ఇటీవలి అనువాదాలు కొన్ని 22 అని దిద్దేశాయి. దిద్దడాన్ని నేను తప్పు పట్టను గాని, అక్షరం పొల్లు పోలేదని వాదించేవారే దిద్దినప్పుడు నవ్వొస్తుంది.

అసలైన హాస్యం వైరుధ్యంలో కంటే దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. శిష్యుడు పేతురు యేసును ఎరుగనని మూడుసార్లు బొంకుతాడని, యేసు కథ చెప్పే నాలుగు సువార్తలూ (మత్తయి, మార్కు, లూకా, యోహాను) చెబుతాయి. కోడి రెండుసార్లు కూయకముందే అని మార్కు అంటే, మిగతా ముగ్గురూ రెండు అనే మాట లేకుండా కోడి కూయకముందే అని ఊరుకుంటారు. 1976లో ఒక అమెరికన్ సమర్థకుడు ఈ కోడి గొడవ తీర్చడానికి, పేతురు మొదటి కూతకు ముందు మూడుసార్లు, రెండో కూతకు ముందు మూడుసార్లు, మొత్తం ఆరుసార్లు బొంకాడని తేల్చాడు. నాలుగు సువార్తలను కలపబోయి, నాలుగింటిలోనూ లేని ఐదో కథ అల్లాడన్నమాట.

నిజంగానే నాలుగింటినీ ఒకటిగా కుట్టేసినవాడు ఒకడున్నాడు. సుమారు క్రీ.శ. 170లో తాతియాను అనే సిరియా క్రైస్తవుడు నాలుగు సువార్తలను కలిపి ఒకే కథగా కూర్చాడు. యేసు తల్లి మరియ భర్త యోసేపు తండ్రి యాకోబు అని మత్తయి, హేలీ అని లూకా రాసిన రెండు వంశావళులను ఏం చేశాడంటే, రెండింటినీ ఎత్తేశాడు. సిరియా సంఘాల్లో ఆ పుస్తకం తరాల తరబడి చదివారు. ఐదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్ తన పరిధిలో దాని ప్రతులు 200కు పైగా దొరికితే, వాటన్నింటినీ పోగుచేయించి పక్కన పెట్టించాడు. వాటి స్థానంలో నాలుగు సువార్తలనూ, ఇద్దరు తాతలతో సహా, తిరిగి ఉంచాడు.