పాత జిప్సీలో టక్ టక్ శబ్దాలు, లూజు స్టీరింగ్: తప్పు ఎక్కడుందో చేత్తో పట్టుకుందాం

నమస్కారం. మన ముందున్నది మారుతి జిప్సీ కింగ్. 1985లో వచ్చిన మొదటి జిప్సీకి 970 సీసీ ఇంజన్ ఉండేది. 1996లో 1.3 లీటర్ల ఇంజన్‌తో కింగ్ వచ్చింది. 2000లో దానికే ఎంపీఎఫ్ఐ, అంటే ఒక్కో సిలిండర్‌కూ విడిగా పెట్రోలు చిమ్మే ఏర్పాటు, చేరి 80 హార్స్‌పవర్ అయింది. ఇది ఆ రకం బండి. ఇంజన్ చక్కగా ఉంది కాబట్టి దాని జోలికి వెళ్లడం లేదు. ఈ వీడియో అంతా బండి కిందే.

యజమాని చెబుతున్న బాధలు ఇవి. గేరు వేసి క్లచ్ వదిలితే కింద ఎక్కడో టంగ్ మంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్ టక్ మంటుంది. స్టీరింగ్‌ను నాలుగు వేళ్ల వెడల్పు తిప్పినా చక్రం కదలదు. అన్నిటికంటే భయపెట్టేది, 60 దాటాక గుంత తగిలిందంటే ముందు చక్రాలు రెండూ గజగజ వణికిపోతాయి, బ్రేకు వేసి బాగా నెమ్మదిస్తే తప్ప ఆగవు. ఒక షెడ్డులో ఇప్పటికే స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పడాన్ని చక్రాల వైపు అందించే పళ్ల పెట్టె) స్క్రూ బిగించారు, స్టీరింగ్ కుదుపులను అణిచే కొత్త డ్యాంపర్ వేశారు. వణుకు పోలేదు. పైగా ఇప్పుడు మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదు.

ఆ స్క్రూ కథ తర్వాత చెబుతాను. ముందు లూజు ఎక్కడుందో చూద్దాం. దీనికి ఇద్దరు మనుషులు చాలు, యంత్రాలేవీ అక్కర్లేదు. ఇంజన్ ఆపేశాం. చక్రాలు నేల మీదే ఉన్నాయి, ఎందుకంటే బరువు మీద ఉన్నప్పుడే లూజు బయటపడుతుంది. ఈ బండికి పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి ఇంజన్ ఆపినా తేడా రాదు. మా తమ్ముడు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ ఊపుతున్నాడు. పూర్తిగా తిప్పడం లేదు. నేను కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చేయి వేస్తున్నాను. రెండు భాగాలు కలిసే చోట సగం వేలు ఒకదాని మీద, సగం రెండో దాని మీద ఉండాలి. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే వేలికి వెంటనే తెలిసిపోతుంది.

పై నుంచి మొదలుపెడదాం. స్టీరింగ్ రాడ్డుకి, బాక్సుకి మధ్య ఉన్న రబ్బరు కప్లింగ్ బాగుంది. బాక్సును ఛాసిస్‌కు బిగించిన బోల్టులు గట్టిగా ఉన్నాయి. ఛాసిస్ మీద ఆ చుట్టుపక్కల పగుళ్లు లేవు. ఇది తప్పకుండా చూడండి, తుడిచి, లైటు వేసి చూడండి. బురద కింద పగులు దాక్కుంటుంది. బాక్సులోకి వెళ్లే రాడ్డు, బయటికి వచ్చే చేయి లాంటి పిట్‌మ్యాన్ ఆర్మ్ దాదాపు కలిసే కదులుతున్నాయి. అంటే బాక్సులో ఉన్న లూజు చాలా తక్కువ.

ఇప్పుడు డ్రాగ్ లింక్, అంటే పిట్‌మ్యాన్ ఆర్మ్ కదలికను చక్రం వైపు తీసుకెళ్లే రాడ్డు. ఈ చివర బాగుంది. ఆ చివర చూడండి, కెమెరా దగ్గరగా తెస్తున్నాను. రబ్బరు బూటు చిరిగిపోయింది, లోపల గ్రీజు బదులు ఎండిన మట్టి ఉంది. తమ్ముడు స్టీరింగ్ ఊపుతుంటే లింకు ముందు కదులుతోంది, ఆ తర్వాతే నకిల్, అంటే చక్రాన్ని మోస్తూ దానితో పాటు పక్కకు తిరిగే భాగం, కదులుతోంది. నాలుగు వేళ్ల లూజులో పెద్ద భాగం ఇక్కడే ఉంది. ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ చివరి జాయింట్లు, అంటే టై రాడ్ ఎండ్లు, రెండూ మరీ చెడిపోలేదు, కానీ బూట్లు పగిలాయి. డ్రాగ్ లింక్ ఎండుతో పాటు వీటినీ మార్చేయమంటాను.

అయితే వణుకుకు అసలు కారణం ఇది కాకపోవచ్చు. ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి స్టాండ్లు వేశాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కిందికి వెళ్లకండి. ఇప్పుడు టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపుతున్నాను. వినిపించిందా, టక్? టైరు పైభాగం లోపలికి వెళ్లి వస్తోంది. దీన్ని చూడగానే వీల్ బేరింగ్ అనుకుని డబ్బు వదిలించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తమ్ముడిని బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. బ్రేకు పట్టినప్పుడు హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం), నకిల్ ఒకటైపోతాయి. ఆ ఊగడం వీల్ బేరింగ్‌ది అయితే అప్పుడు ఆగిపోవాలి. ఆగలేదు. నకిల్‌కి, యాక్సిల్ చివర ఉన్న గుండ్రటి గిన్నెకి మధ్య సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది చూడండి. ఇది కింగ్‌పిన్ బేరింగ్.

జిప్సీలో చక్రం అటూ ఇటూ తిరిగేది పైన ఒకటి, కింద ఒకటి ఉన్న ఈ టేపర్ బేరింగుల మీదే. ఇవి కొంచెం బిగువుగా ఉండాలి. ఆ బిగువే చక్రాన్ని వణకనివ్వదు. వాగులు, బురద మడులు దాటే బండిలో నకిల్ వెనుక ఉన్న సీలు చిరిగితే నీళ్లు లోపలికి చేరి నిలుస్తాయి. ముందు తినేది కింది బేరింగునే. బిగువు పోయిన బండికి కొత్త డ్యాంపర్ వేస్తే వణుకు కొన్నాళ్లు కప్పిపెట్టినట్టు ఉంటుంది, మళ్లీ బయటికి వస్తుంది. బేరింగు సెట్లు, సీళ్లు రెండు వైపులా కొత్తవి వేయాలి. పిన్ను కింద పెట్టే పలుచని షిమ్ములు తీసినా కలిపినా బిగువు మారుతుంది. దాన్ని స్ప్రింగ్ త్రాసుతో లాగి కొలిచే మెకానిక్ దొరికితే ఆయన్ను వదులుకోకండి.

ఇప్పుడు ఆ స్క్రూ. స్టీరింగ్ బాక్సు మీద స్క్రూ కనిపించగానే తిప్పేసే అలవాటు నాకు అస్సలు నచ్చదు. ఎక్కువ ప్రయాణం నేరుగానే సాగుతుంది కాబట్టి బాక్సు లోపలి పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. మధ్యలో లూజు పోయేదాకా బిగిస్తే, అరగని పక్క భాగాల్లో అది పట్టేస్తుంది. స్టీరింగ్ తిరిగి రాకపోవడం అందుకే. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. ఆ స్క్రూను చక్రాలు నేరుగా ఉంచి, మిగతా జాయింట్లన్నీ బాగుచేశాక, కొద్దికొద్దిగా మాత్రమే తాకాలి.

శబ్దాల సంగతికి వద్దాం. జిప్సీలో గేరుబాక్సు వేరు, శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వేరు, మధ్యలో ఒక పొట్టి షాఫ్టు. ముందు, వెనుక షాఫ్టులు కలిపితే మొత్తం మూడు. చక్రాలకు రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒక్కో షాఫ్టునూ చేత్తో మెలిపెట్టాను. వెనుక షాఫ్టు క్రాస్ (షాఫ్టును వాలుగా కూడా తిరగనిచ్చే ప్లస్ ఆకారపు జాయింటు) దగ్గర కప్పు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తోందా? లోపలి సూది బేరింగులు ఎండి, తుప్పుపట్టి పొడిగా రాలుతున్నాయి. టంగ్ మనేది ఇదే. షాఫ్టు పొడవు పెరిగి తగ్గేలా జారే స్లిప్ జాయింటు కూడా పొడిగా ఉంది, గ్రీజు పెట్టండి. ట్రాన్స్‌ఫర్ కేసును మోసే రబ్బరు మౌంట్లను బార్‌తో ఎత్తి చూశాను, అవి బాగున్నాయి.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర వచ్చే టక్ టక్ షాకబ్జార్బర్ బుష్షులది, కమాన్ చివర ఊగే షాకిల్ బుష్షులది (బుష్షు అంటే రబ్బరు తొడుగు). ఇవి చిన్న పనే. కానీ కమాన్ పట్టీల సెంటర్ బోల్టు విరిగితే చిన్న పని కాదు, యాక్సిల్ పక్కకు జరిగిపోతుంది. టేపు పెట్టి ముందు హబ్ మధ్య నుంచి వెనుక హబ్ మధ్య వరకు రెండు వైపులా కొలిచాం. వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు. రెండు వైపులా సమానంగానే వచ్చింది. యాక్సిల్‌ను కమాన్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు కూడా గట్టిగానే ఉన్నాయి.

మరో మాట. తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే స్టీరింగ్ బరువెక్కి, కింద టక్ మనడం చెడిపోవడం కాదు. ముందు వెనుక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి అలా బిగుస్తుంది. మట్టిలోనూ మలుపులో కటకటమంటే మాత్రం నకిల్ లోపలి జాయింటును విప్పి చూడాలి.

ఈ బండిని కొనవచ్చా అని యజమాని స్నేహితుడు ఒకరు అడిగారు. ఛాసిస్ శుభ్రంగా ఉంది కాబట్టి కొనమనే చెప్పాను. ఇప్పుడు చూసినవన్నీ అరిగే వస్తువులే, మార్చితే బండి కుదురుతుంది. కానీ కింగ్‌పిన్ పని అయ్యేదాకా దీన్ని హైవే ఎక్కించవద్దు. పని వరుస కూడా ఆయనకు రాసిచ్చాను: ముందు కింగ్‌పిన్ బేరింగులు, సీళ్లు, తర్వాత డ్రాగ్ లింక్, టై రాడ్ ఎండ్లు, ఆ తర్వాత వెనుక క్రాస్, బుష్షులు. అవన్నీ అయ్యాక టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో ఆ కొలత, సరిచూడాలి. స్టీరింగ్ బాక్సు స్క్రూను మాత్రం ఈరోజే పట్టేయకుండా ఉండేంత వరకు వెనక్కి తిప్పించాను.