ఏలీకి కూడా కొడుకులున్నరు

(జడ్చర్ల దగ్గర ఒక సంఘంలో, వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి) ముగింపు రోజు తల్లిదండ్రుల కూటంలో చేసిన ప్రసంగం)

అయ్యగారికి, అమ్మగారికి, సంఘపెద్దలకు, పది రోజుల సంది ఈ ఎండల పిల్లలను పట్టుకొచ్చిన తల్లులకు వందనాలు. నాకు ఇరవై నిమిషాలు ఇచ్చిన్రు. వెనక బగారన్నం వాసన వస్తున్నది, పదిహేనే అనుకుందాం.

పిల్లలను ఇంటిల్లిపాది కలిసి విశ్వాసంలో ఎట్ల నడిపించాలో చెప్పమన్నరు. మన చరిత్ర నుంచి ఎత్తుకుందామనుకున్న. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దొర 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చిన సంగతి, మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ పాలమూరు దాకా వచ్చిన సంగతి, వాక్యం చెప్పే ఆడోళ్లు, బైబిల్ ఉమెన్, గడపగడపకు తిరిగిన సంగతి అంతా రాసుకొచ్చిన. కాయితం జేబులనే ఉన్నది. ఈ బల్ల మీద బహుమతికి పెట్టిన స్టీలు టిఫిన్ డబ్బాలు చూసినంక తీయబుద్ధి కాలే.

మా ఇంట్ల గూడ ఇసొంటి డబ్బా ఒకటున్నది. మూత మీద మా కొడుకు పేరు చెక్కి ఇచ్చిన్రు. పన్నెండేండ్లప్పుడు వాడు 119వ కీర్తన మొత్తం, 176 వచనాలు, ఎక్కడా ఆగకుండ అప్పజెప్పిండు. నేర్పింది నేనే. సండే స్కూల్ టీచర్ కొడుకు తప్పుపోతే ఇజ్జత్ ఏముంటది? పొద్దున నాలుగున్నరకు లేపేది. ఎనిమిది వచనాలకు ఒక భాగం. భాగం రాకుంటే చాయ్ లేదు. ఇప్పుడు ఆ డబ్బాల మా ఇంటామె మెంతులు పోసుకుంటది. వాడు హైదరాబాదుల ఉంటడు. మందిరం గడప తొక్కక పదహారేండ్లు.

చాన్నాళ్లు హాస్టల్‌ను తిట్టిన, సోపతిగాళ్లను తిట్టిన, సెల్‌ఫోన్‌ను తిట్టిన. సంగతి అంతకు ముందే జరిగింది. డబ్బా వచ్చిన ఏడే మా అమ్మ మంచంల పడ్డది. నలభై రోజులు ఇంటిల్లిపాది ప్రార్థన చేసినం. మట్టి చేసి వచ్చిన రాత్రి వాడు నా మంచం పట్టె పట్టుకొని, "నాయినా, గంతగనం అడిగినం గదా, దేవుడు ఎందుకు ఇనలే?" అన్నడు. నేనేమన్ననో తెలుసా? "అట్ల అడగొద్దు, పాపం. పో, పండుకో."

పోయి పండుకున్నడు. మళ్ల ఎన్నడు ఏదీ అడగలే.

సమూయేలు కథ ఈ పది రోజులల్ల మీ పిల్లలు బొమ్మలేసి రంగులద్దిన్రు. మందిరంల ఉండే ఆ పిల్లగాడు రాత్రి లేచి యాజకుడు ఏలీ దగ్గరికొస్తడు, పిలిచినవు గదా అని. ఏలీ ముసలోడు, చూపు మందం. రెండుసార్లు పోయి పండుకో అన్నడు. నా తీరే! మూడోసారికి ఆయనకు తెలిసింది, పిలిచేది దేవుడని. అప్పుడు గూడ పండుకోమనే అన్నడు గాని, పిలుపొస్తే ఏమనాలో చెప్పి పంపిండు. తెల్లారి దాచకుండ చెప్పుమన్నడు. చెప్పింది తన ఇంటి మీద తీర్పే, అయినా ఇన్నడు. అదే ఏలీకి హొఫ్నీ, ఫీనెహాసు అని సొంత కొడుకులిద్దరున్నరు. వాళ్ల గతి మీకు తెల్సు, చెడిపోయి ఇద్దరు ఒక్కనాడే యుద్ధంల సచ్చిన్రు. టీచర్లూ, నవ్వకుండ్రి. నాకు ఈ కథ చెప్పేటప్పుడు ఏండ్ల తరబడి ఆ కొడుకులు గుర్తుకే రాలే.

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు పాలమూరు నుంచి గుంపు మేస్త్రి ఎంట పోయినోళ్లల్ల మావోళ్లున్నరు. నాకు ఎనిమిదేండ్లు. రాత్రి గుడిసెల బుడ్డి దీపం ముందట అమ్మ పగిలిన మడిమెలకు ఆముదం రాసుకుంట ఒక్కొక్కరిని అడిగేది, "ఇయ్యాల ఏమైంది బిడ్డా?" ఒకనాడు మేస్త్రి గుడిసెల బెల్లం దొంగతనం చేసిన అని చెప్పిన. కొడ్తదనుకున్న. కండ్లు మూసుకొని, "దేవా, వీడు బెల్లం తిన్నడు, నీకెరుకే. ఆకలైంది, అదీ నీకెరుకే. రేపు ఇద్దరం పోయి చెప్తం" అన్నది. ఆమెన్ అనలే. నా దిక్కు తిరిగి, "నేను పొద్దున పక్క గుడిసామెను నోటికొచ్చినట్టు తిట్టిన. నా కోసం నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నది. ఎనిమిదేండ్లోన్ని! ఏం చేసిననో యాదికి లేదు గాని, ఆముదం వాసన యాదున్నది. తెల్లారి నిజంగనే ఇద్దరం పోయినం. మేస్త్రి నవ్విండు, కూలిల పైసలు గూడ కోసుకున్నడు.

ఇంగ్లండుల సూసన్నా వెస్లీ అని ఒక తల్లి. పంతొమ్మిది మంది బిడ్డలను కన్నది, బతికినోళ్లు పది మంది. వారంల ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతోని ఒంటరిగ కూసొని మాట్లాడేది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఆమె కొడుకే, ఆయనది గురువారం. పెద్దయినంక, ఆక్స్‌ఫర్డ్‌ల ఉండంగ గూడ ఆ గురువారం నాకు ఇయ్యమని తల్లికి ఉత్తరం రాసిండు. మా అమ్మ ఆమె పేరు గూడ ఇనలే.

మొన్న క్రిస్మస్‌కు మావోడొచ్చిండు. "ఆ రాత్రి నాకు గూడ తెల్వకుండె బిడ్డా. తెల్వదంటే నువ్వు దేవున్ని ఇడ్శిపెడ్తవని భయమైంది" అన్న. చాలసేపు ఫోన్ దిక్కే చూసిండు. ఆనక, "నాయినమ్మ కాళ్లకు ఆముదం నేనే రాస్తుంటి" అన్నడు. గంతే. ఆరాధనకు రాలే.

అయ్యగారు గడియారం చూస్తున్నరు. బహుమతులు నా చేతులతోనే ఇయ్యాల్నట, ఇస్త. మొదటి బహుమతి, ఎక్కువ కంఠత వాక్యాలు చెప్పిన పాప, ముందుకు రా బిడ్డా. అప్పజెప్పకు, నిలబడు. నువ్వు నేర్చిన వాక్యాలల్ల నీకు సమజ్ కానిది ఏది? నా చెవుల చెప్పు. తమ్మీ, మైకు బంద్ చెయ్యి.