అమ్మతో జపాన్: నాలుగు ఊళ్ళు, మా తిండి, మా నడక (పూర్తి రివ్యూ)

నమస్తే అండీ. జపాన్ నుంచి వచ్చి మూడు వారాలైంది. ఫోన్ చేసినవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది అడిగిన మొదటి ప్రశ్న "ఏం చూశారు" కాదు, "అక్కడ ఏం తిన్నారు, అమ్మగారు ఎలా తిన్నారు" అని. అందుకే ఈ వీడియోలో ముందు తిండి గురించి మాట్లాడి, తర్వాత ఊళ్ళ గురించి మాట్లాడతాను. మేం నలుగురం వెళ్ళాం. నేను, మా ఆవిడ, మా పదేళ్ళ అమ్మాయి, మా అమ్మ. మేం ముగ్గురం అన్నీ తింటాం, అమ్మ మాత్రం పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఒకే టేబుల్ మీద ఈ రెండు రకాల వాళ్ళూ ఉన్న కుటుంబాలు మన దగ్గర చాలా ఉంటాయి కదా, ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్ళ కోసం.

అక్కడ మీరు నేర్చుకోవాల్సిన మొదటి మాట "దాషీ". మనం తాలింపు లేకుండా ఎలా వండుకోలేమో, వాళ్ళకి దాషీ లేకుండా వంట అలా నడవదు. అదొక పల్చటి రసం లాంటిది, వంటకి ఆధారం. ఎక్కువగా ఎండబెట్టి పొగపెట్టిన చేపని పొరలు పొరలుగా చెక్కి, కొంబు అనే సముద్రపు నాచుతో కలిపి తీస్తారు. చేప ముక్క కంటికి కనబడదు, కానీ మీసో సూప్‌లో ఉంటుంది, ఉడాన్ నూడుల్స్ పులుసులో ఉంటుంది, చాలాచోట్ల ఉడికించిన కూరగాయల్లో కూడా ఉంటుంది. మొదటిరోజు మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో "మాంసం లేదు కదా" అని అడిగితే వాళ్ళు లేదన్నారు, మేం అమ్మకి ఉడాన్ తెప్పించాం, రెండు చెంచాలు తాగాక వాసన తేడాగా ఉందని పక్కన పెట్టేసింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదండీ, నిజంగానే అందులో మాంసం లేదు. మేం అడిగిన ప్రశ్నే తప్పు. కాబట్టి "వెజ్" అని అడగకండి. మాంసం, చేప, చేప దాషీ, గుడ్డు, ఇవేవీ తినను అని జపనీస్‌లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి, ఆర్డర్ ఇచ్చేముందే చూపించండి. కుదరదంటే తల వంచి చెప్పేస్తారు, బాధపడకుండా లేచి వచ్చేయొచ్చు. మాకు అలా నాలుగుసార్లు జరిగింది.

ఇక రాత్రిళ్ళు అమ్మ భోజనం చాలావరకు పెరుగన్నమే. ప్రతి సందులోనూ సెవెన్ ఎలెవెన్, లాసన్, ఫ్యామిలీ మార్ట్ షాపులు ఉంటాయి, వండిన అన్నం ప్యాకెట్ తీసుకుంటే మైక్రోవేవ్‌లో వేడిచేసుకోవచ్చు, తీపి కలపని పెరుగు దొరుకుతుంది, పక్కన ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ, కందిపొడి. వాళ్ళ బియ్యం జిగురుగా ఉంటుంది, పొడి కలిపితే మన అన్నంలా విడిపోదు, కానీ పెరుగుకి భలే కుదిరింది. ఒక జాగ్రత్త, కోడి పచ్చడి, మటన్ పచ్చడి లాంటివి మాత్రం సూట్‌కేస్‌లో పెట్టుకోకండి. మాంసం కలిసినవి ఏవీ తనిఖీ పత్రం లేకుండా జపాన్‌లోకి రానివ్వరు, ఇంట్లో చేసినదైనా అంతే. తాజా కరివేపాకు, పళ్ళు కూడా వద్దు.

సరే, రూట్. మేం సింగపూర్ మీదుగా ఒసాకా కాన్సాయ్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి, టోక్యో నుంచి వెనక్కి ఎక్కాం. ఒకే ఊరికి రానూపోనూ టికెట్ తీసుకుంటే మళ్ళీ ఆ ఊరికి తిరిగి రావడానికి ఒక పూట, బోలెడు డబ్బు పోతాయి. ఒసాకా నాలుగు రాత్రులు, హిరోషిమా ఒకటి, క్యోటో మూడు, టోక్యో నాలుగు. రైలు పాస్ గురించి అందరూ అడుగుతారు. ఏడురోజుల జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ 2023 అక్టోబర్ దాకా 29,650 యెన్, అప్పుడు 50,000కి పెంచారు. మా రూట్‌లో మూడు బుల్లెట్ ట్రైన్ ప్రయాణాలకీ విడిగా టికెట్ కొంటే మనిషికి సుమారు 36 వేలు అయ్యింది, పాపకి సగం. అందుకని పాస్ తీసుకోలేదు. మీరు కూడా కొనేముందు కాగితం మీద లెక్క వేసుకోండి, పాత వీడియోలు చూసి కొనేయకండి.

ఒసాకా నాకు బాగా నచ్చిన ఊరు, దాచుకోకుండా చెప్తాను. అక్కడి వాళ్ళ గురించి "కుయిదావొరె" అని ఒక మాట ఉంది, తిండి మీద ఇల్లు గుల్లచేసుకునేంత ఇష్టం అని. డోటన్‌బోరి కాలువ పక్కన సాయంత్రం ఆరుకి నిలబడితే ఆ మాట ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. చేతులు పైకెత్తి పరిగెత్తే మనిషి బొమ్మున్న గ్లికో అనే మిఠాయి కంపెనీ బోర్డు దగ్గర ఫోటో తీసుకోండి, ఆ బోర్డు మొదట 1935లో పెట్టారు, ఇప్పుడున్నది ఆరోది. తకోయాకి అనే పిండి ఉండలు కూడా అదే సంవత్సరం ఒసాకాలోనే పుట్టాయి. ఆ పెనం చూడగానే అమ్మ "ఇది మన గుంతపొంగణాల పెనమే కదా" అంది, నిజంగా అదే, గుంటలు, పుల్లతో తిప్పడం, అంతా అదే. లోపల మాత్రం ఆక్టోపస్ ముక్క. ఎనిమిది ముక్కలు 600 నుంచి 800 యెన్ ఉంటాయి. పైన బాగానే ఉన్నట్టు కనబడుతుంది కానీ లోపల పిండి మరిగిపోతూ ఉంటుంది, పిల్లలకి సగానికి చీల్చి చల్లార్చి పెట్టండి.

అక్కడినుంచి కొంచెం దక్షిణంగా షిన్‌సెకాయ్ అని పాత పేట ఉంది, మధ్యలో సూతెన్‌కాకు టవర్. అక్కడి తిండి కుషికాట్సు, అంటే పుల్లకి గుచ్చి, పిండిలో ముంచి నూనెలో వేయించినవి. రొయ్య, గొడ్డుమాంసం, ఉల్లిపాయ, తామరతూడు, ఏదైనా. తినేది ఏ మాంసమో ముందే అడగండి. సాస్ అందరికీ ఒకే గిన్నెలో పెట్టే అలవాటు, అందుకే గోడల మీద "రెండోసారి ముంచకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఒకసారి కొరికాక మళ్ళీ ముంచితే అది ఎంగిలి! ఆ ఒక్క నియమంతో అమ్మకి ఆ ఊరి మీద గౌరవం పెరిగిపోయింది. ఇప్పుడు చాలా షాపుల్లో సాస్ సీసాల్లోనే పెడుతున్నారు.

ఒసాకా కోట బయట నుంచి చూసి, చుట్టూ తోటలో నడిస్తే చాలు. హిదెయోషి అనే పాలకుడు 1583లో మొదలుపెట్టిన కోట అది, కానీ ఇప్పుడు కనబడే బురుజు 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్ట్, మ్యూజియం. చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఎక్కండి.

హిరోషిమాకి షిన్-ఒసాకా నుంచి గంటన్నర. ఇక్కడ నేను ఎక్కువ మాట్లాడను. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15. అణుబాంబు పడినా నిలబడిన ఆ గుమ్మటం 1915లో కట్టిన భవనం, ఇప్పుడు ఎముకల్లా మిగిలిన ఇనుప చట్రంతో నది పక్కన నిలబడి ఉంది. మ్యూజియం టికెట్ పెద్దవాళ్ళకి 200 యెన్ మాత్రమే. చిన్నపిల్లల బట్టలు, వాళ్ళ వస్తువులు చూపిస్తారు, చాలా బరువుగా ఉంటుంది, పదేళ్ళలోపు పిల్లలతో వెళ్ళేటప్పుడు ఆలోచించుకోండి. మేం పాపకి సదాకో ససాకి కథ ముందే చెప్పి తీసుకెళ్ళాం. రెండేళ్ళ వయసులో ఆ బాంబు దాడికి గురై, 1955లో పన్నెండేళ్ళకి ల్యుకేమియాతో చనిపోయిన అమ్మాయి, ఆసుపత్రిలో కాగితపు కొంగలు మడుస్తూ ఉండేది. పాప ముందురోజు రాత్రి హోటల్లో కూర్చుని ఎర్రకాగితంతో ఒక కొంగ చేసింది, పిల్లల స్మారకం దగ్గర పెట్టింది. ఆ పూట ఇంకేం ప్లాన్ పెట్టుకోకండి, నది పక్కన ఊరికే కూర్చోండి. రాత్రికి హిరోషిమా ఒకొనోమియాకి తిన్నాం, పల్చటి అట్టు, దాని మీద క్యాబేజీ గుట్ట, నూడుల్స్, గుడ్డు, పొరలు పొరలుగా. ఒసాకాలో అన్నీ కలిపి ఊతప్పంలా పోస్తారు, ఇక్కడ పేరుస్తారు. నా ఓటు హిరోషిమాకే.

క్యోటో. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏంటంటే తీరిగ్గా తొమ్మిదికి టిఫిన్ చేసి పదికి బయలుదేరడం. పదికి ఫుషిమి ఇనారి గుడి దగ్గర మీకు కనబడేది ఎర్రటి తోరణ ద్వారాలు కాదు, మనుషుల వీపులు. మేం ఉదయం ఆరుకే అక్కడున్నాం. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ రైల్లో రెండో స్టేషనే ఇనారి, దిగగానే ఎదురుగా గుడి. ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. ఇనారి అంటే వరి పంటకి, వ్యాపారానికి దేవత, అందుకే ఆ వేల తోరణాలన్నీ వ్యాపారస్తులు, భక్తులు ఇచ్చినవే. పైకి వెళ్ళేటప్పుడు ఖాళీగా కనబడతాయి, కిందికి వస్తుంటే వెనకవైపు ఇచ్చినవాళ్ళ పేర్లు, తేదీలు నల్లటి అక్షరాల్లో కనబడతాయి. మన గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాసినట్టే. కొండ ఎత్తు 233 మీటర్లు, మొత్తం తిరగడానికి రెండు గంటలు కావాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైదాకా వెళ్ళక్కర్లేదు. అమ్మ ఇరవై నిమిషాలు ఎక్కి ఒక రాతి మెట్టు మీద కూర్చుంది, చలి, పక్షుల శబ్దం తప్ప ఏమీ లేదు, మేం పైకి వెళ్ళి వచ్చేదాకా అక్కడే ఉంది. ట్రిప్ మొత్తంలో తనకి నచ్చింది ఏదంటే ఇప్పటికీ ఆ మెట్టే చెప్తుంది.

కియోమిజు-దెరా అనే గుడి కూడా ఉదయం ఆరుకే తెరుస్తారు, దాన్ని రెండోరోజు ఉదయానికి పెట్టుకోండి. మేకులు లేకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చిన దుంగల మీద పదమూడు మీటర్ల ఎత్తున చెక్క వేదిక నిలబడి ఉంది, కింద లోయంతా నవంబర్‌లో ఎర్రబడిన ఆకులే. కింకాకు-జి బంగారు మందిరం అందంగానే ఉంటుంది, కానీ తొమ్మిదికి గానీ తెరవరు, అప్పటికే బస్సులు వచ్చేస్తాయి, లోపల జనంతో పాటు కదులుతూ అరగంటలో బయటికి వచ్చేస్తాం. ఒక్కరోజే ఉంటే దాన్ని వదిలేయండి. గియోన్ అనే పాత పేటలో ప్రైవేటు సందుల్లోకి వెళ్ళకండి, 2024 నుంచి బోర్డులు పెట్టారు, 10,000 యెన్ జరిమానా.

సిటీ బస్సు ఒకసారి ఎక్కితే 230 యెన్, కానీ సీజన్‌లో పెద్ద సూట్‌కేసులతో బస్సు ఎక్కడం మనకీ కష్టం, ఆ ఊరివాళ్ళకి ఇంకా కష్టం. సామాను ఒక హోటల్ నుంచి ఇంకో ఊరి హోటల్‌కి పంపించే సర్వీసు ఉంది, "తక్యూబిన్" అంటారు, రిసెప్షన్‌లో ఇస్తే సాధారణంగా మర్నాటికి చేరుతుంది. మేం క్యోటో నుంచి టోక్యోకి అలాగే పంపించి చేతులూపుకుంటూ వెళ్ళాం.

అమ్మ నిజంగా కడుపునిండా భోజనం చేసింది క్యోటోలోనే అరషియామాలో, తెన్‌ర్యూ-జి గుడి ఆవరణలోని షిగెత్సు అనే భోజనశాలలో. బౌద్ధ సన్యాసుల వంట అది, "షోజిన్ ర్యోరి". మాంసం, చేప లేకపోవడమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, కార్తీకమాసంలో మన ఇంట్లో వంటలాగే. దాషీ కూడా కొంబుతో, పుట్టగొడుగులతో తీస్తారు. ఎర్రటి చిన్న చిన్న గిన్నెల్లో నువ్వుల తోఫు, ఉడికించిన గుమ్మడి, ఊరగాయలు, అన్నం. కారం అస్సలు ఉండదు, ఉప్పు కూడా తక్కువే, మొదటి ఐదు నిమిషాలు చప్పగా అనిపిస్తుంది, తర్వాత గుమ్మడికాయకి గుమ్మడికాయ రుచి తెలుస్తుంది. మేం నేల మీద కూర్చునే తిన్నాం. ముందే బుక్ చేసుకోండి. ఇంకో సంగతి, ఎక్కడైనా సరే అన్నంలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చకండి. చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. మనకి పిండం ఎలాంటిదో అలాంటిది.

క్యోటో నుంచి నారాకి రైల్లో ముప్పావుగంట. జింకల కోసం అందరూ వెళ్తారు, వెళ్ళండి, బిస్కెట్ కట్ట 200 యెన్, కొనగానే చుట్టుముట్టి చొక్కా లాగుతాయి. కానీ మీరు తెలుగువాళ్ళయితే తోదాయ్-జి గుడిలో పెద్ద బుద్ధుడి ముందు ఒక నిమిషం ఎక్కువ నిలబడండి. పదిహేను మీటర్ల కంచు విగ్రహం, 752లో దానికి కళ్ళు దిద్దే ఉత్సవం జరిగినప్పుడు కుంచె పట్టుకున్నది బోధిసేనుడు అనే భారతీయ భిక్షువు. ఆయన 736లో సముద్రం దాటి ఇక్కడికి వచ్చాడు. ఈ మాట చెప్తే అమ్మ చాలాసేపు ఆ కళ్ళవైపే చూసింది, తర్వాత వెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది.

టోక్యోకి వచ్చేటప్పుడు బుల్లెట్ ట్రైన్‌లో "E" అక్షరం సీటు అడగండి, మామూలు బోగీలో ఫుజీ పర్వతం వైపు కిటికీ సీటు అదే. మబ్బులు లేకపోతే టోక్యోకి ముప్పావుగంట ముందు కనబడుతుంది. టోక్యోలో ఊరంతా పైనుంచి చూడాలంటే షింజుకులో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు ఉచితం, 202 మీటర్లు, మాకు అదే సరిపోయింది. త్సుకిజి అనే పాత చేపల మార్కెట్ పక్కనున్న బయటి మార్కెట్‌కి ఎనిమిదిలోపు వెళ్ళండి, మధ్యాహ్నానికి మూసేస్తారు, ఆదివారం, బుధవారం చాలా షాపులు తెరవవు. చేపల వేలం అక్కడ జరగదు, 2018లోనే తోయోసు అనే కొత్త మార్కెట్‌కి మారిపోయింది. అమ్మకి టోక్యో స్టేషన్ లోపల టీస్ తాన్‌తాన్ అనే హోటల్లో రామెన్ (పులుసు నూడుల్స్) దొరికింది, పాలు, గుడ్డు కూడా లేకుండా నువ్వుల పులుసుతో చేస్తారు, అది టికెట్ గేటు లోపల ఉంటుంది కాబట్టి రైలు దిగగానే తినేయండి. ఇంక దోసె మీద మరీ బెంగగా ఉంటే నిషి-కసాయ్ వెళ్ళండి, మనవాళ్ళు చాలామంది ఉండే పేట, ఇడ్లీ దోసెలు, పప్పులు, మసాలాలు అన్నీ దొరుకుతాయి.

చివరిరోజు తెల్లవారి ఆరున్నరకి అసాకుసాలో సెన్సో-జి గుడికి వెళ్ళాం. నకామిసె వీధి షాపులన్నీ మూసి ఉన్నాయి, షట్టర్ల మీద బొమ్మలు, ఒక పెద్దాయన మెట్లు ఊడుస్తున్నారు. అమ్మని చూసి ఆయన తల వంచారు, అమ్మ దణ్ణం పెట్టింది. ఆ క్లిప్ ఇదిగో, మాటలు లేకుండా పెడుతున్నాను, చూడండి.