లాగ్‌బుక్కూ నాణెం కవరూ

(విశాఖపట్నంలో హామ్ రేడియో, నాణేల సేకరణ అభిరుచి ఉన్నవారు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

హాలు చూస్తుంటే ఆడపెళ్లివారు ఓ పక్క, మగపెళ్లివారు ఓ పక్క సర్దుకు కూర్చున్నట్టుంది. కిటికీల వైపు రేడియో వాళ్లు, ఫ్యాన్ల కింద నాణేల వాళ్లు. నేను రెండిళ్ల చుట్టాన్ని కాబట్టి మైకు నా చేతికిచ్చారు. మర్చంట్ నేవీలో రేడియో ఆఫీసరుగా చేశాను. ఓడ మీద మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ ‘స్పార్క్స్’ అంటేనే తెలిసేది. రేవులో దిగి టీ తాగి వస్తే జేబులో పరాయి చిల్లర మిగిలేది. దాన్ని పారేయబుద్ధి కాలేదు. వైజాగ్‌లో ఈ రెండు పిచ్చులూ ఉన్నవాడిని నేనొక్కణ్నే కాదు. నేవీ ఉన్న ఊరు, పోర్టు ఉన్న ఊరు. ఒకప్పుడు మహారాణిపేటలో రాయి విసిరితే చుక్కలూ గీతలుగా కబురు పంపే మోర్స్ వచ్చినవాడికే తగిలేది. ఆ ఇంట్లో మిఠాయి డబ్బా మూత తీస్తే నాలుగు దేశాల నాణేలూ ఉండేవి.

ఓడ రేడియో గదిలో గోడ గడియారం ఒకటుండేది. దాని ముఖం మీద 15 నుంచి 18 నిమిషాల దాకా, మళ్లీ 45 నుంచి 48 దాకా ఎర్ర రంగు పూసి ఉండేది. ముల్లు ఆ ఎరుపులోకి వచ్చిందంటే 500 కిలోహెర్ట్జ్ మీద ఎవరూ మీట నొక్కకూడదు. ఆ మూడు నిమిషాలూ వినడమే పని. ఎక్కడో మునిగిపోతున్న ఓడ సన్నగా పిలిస్తే ఈ గోలలో వినిపించకుండా పోకూడదని. విన్నామని లాగ్ పుస్తకంలో రాయాలి. ఏమీ వినపడకపోయినా రాయాలి. 1999 ఫిబ్రవరి 1తో ఉపగ్రహ వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చేసింది, మా ఉద్యోగం చరిత్రలో కలిసింది. రాసిపెట్టే అలవాటు మాత్రం పోలేదు. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ అలవాటు గురించే. మీ రెండు పక్షాలనీ కలిపేది సెట్టూ కాదు, వెండీ కాదు. రాసిపెట్టుకున్నదాన్ని ఇంకొకడికి చూపించి సరిచూసుకోవడం. మన స్నేహాలన్నీ అక్కడే పుట్టాయి.

నాణేల వాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. హామ్ అంటే లైసెన్సు తీసుకుని సరదా కొద్దీ సొంత రేడియో సెట్టు మీద మాట్లాడేవాడు. ఎవరితోనైనా మాట్లాడితే తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, అవతలి స్టేషన్ గుర్తింపు పేరైన కాల్ సైన్, సిగ్నల్ ఎలా వినబడిందో లాగ్‌బుక్‌లో రాస్తాడు. సమయం మన గడియారం ప్రకారం కాదు, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీలో. మనం ఐదున్నర గంటలు తీసేయాలి. తెల్లవారుజామున ఐదింటికి జపాన్ స్టేషన్ దొరికిందనుకోండి, లాగ్‌లో పడేది నిన్నటి తారీఖు. తర్వాత ఇద్దరూ క్యూఎస్ఎల్ కార్డులు పంపుకుంటారు. పోస్టుకార్డంత ఉంటుంది. ఫలానా వేళ మనం మాట్లాడుకున్న మాట నిజమేనని ఒకరికొకరు ఇచ్చుకునే చీటీ. కార్డులు పోగేసి పంచే బ్యూరో ద్వారా వస్తే ఏళ్లు పడుతుంది. వచ్చాక చూస్తే తారీఖు తేడా! ఇంకేముంది, ఆ కార్డు లెక్కలోకి రాదు. అసలు అవతలివాడి పుస్తకంలో మన పేరే లేకపోతే ‘నాట్ ఇన్ లాగ్’ అని తిరుగు టపా. పెళ్లి సంబంధం తప్పిపోయినా అంత బాధపడని పెద్దమనుషులు దీనికి అన్నం మానేయడం నేను చూశాను.

ఇప్పుడు రేడియో వాళ్లు ఇటు వినండి. మన ఉత్తరాంధ్రను ఏలిన తూర్పు గాంగుల బంగారు నాణెం ఒకటుంది, ఫణం అంటారు. చిటికెన వేలి గోరు మీద పెట్టుకోవచ్చు. అర గ్రాము అటూ ఇటూ తూగుతుంది. ఒక పక్క పడుకున్న నంది. రెండో పక్క ‘స’ అనే అక్షరం, అంకుశం, కింద అంకె. ఆ అంకె రాజుగారి పాలనా సంవత్సరం. చదివేసి 25 అని నాణెం దాచే కవరు మీద రాస్తే సరిపోదు. అది అంక సంవత్సరం. ఆ లెక్కలో 1 ఉండదు, 6 ఉండదు, ఆరుతో అంతమయ్యేవీ సున్నాతో అంతమయ్యేవీ ఉండవు, ఒక్క 10 తప్ప. రాజు గద్దెనెక్కిన మొదటి ఏడే రెండో అంకం. అలా 1, 6, 16, 20 ఎగరగొట్టుకుంటూ వస్తే 25 అంటే నిజానికి ఇరవై ఒకటో ఏడు. యూటీసీకి అలవాటు పడ్డ హామ్‌కి ఇది ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది. ఎదుటివాడి కాలాన్ని ఎదుటివాడి లెక్కలోనే చదవాలని అతనికి ముందే తెలుసు. ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడు, రేడియో వాడే, ఈ అంకాల లెక్కకి చిన్న పట్టిక గీసి మా ముసలి నాణేల గుంపుకి పంచాడు. ఆ రోజు నుంచి అతను మా ఇంటి మనిషి.

దొరికిన చోటు రాసి లేకపోతే నాణెం సగం మూగది. భీమిలి రోడ్డులో తొట్లకొండ మీద బౌద్ధ విహారం తవ్వినప్పుడు శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. రోమన్ వెండి దీనారం ప్రపంచంలో ఏ వేలంపాటలోనైనా దొరుకుతుంది. అక్కడది రోము గురించి మాత్రమే చెబుతుంది. తొట్లకొండ మట్టిలో దొరికిందని రాసి ఉంటేనే మన తీరం గురించి చెబుతుంది. ఈ సముద్రం మీద బేరాలు నడిచాయని, ఆ బేరగాళ్లలో ఎవరో కొండెక్కి భిక్షువులకు దండం పెట్టుకున్నారని. అటు నుంచి కూడా చూడండి. వేంగి చాళుక్యులు శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల వరాహ ముద్ర ఉన్న బంగారు నాణేలు బంగాళాఖాతం అవతల, ఇప్పటి మయన్మార్‌లో అరకాన్ తీరంలోని చెదూబా దీవిలో దొరికాయి. రాజమహేంద్రవరంలో దొరికుంటే ‘ఓహో’ అనుకునేవాళ్లం. చెదూబా అన్న ఒక్క మాట వాటిని ఓడెక్కించింది. రేడియో భాషలో చెప్పాలంటే అవి ఆ రోజుల క్యూఎస్ఎల్ కార్డులే: మా మాట మీ దాకా వచ్చిందని అవతలి ఒడ్డు ఇచ్చిన రసీదు.

రెండు పక్షాలకీ ఉన్న ఒక ఉమ్మడి దుర్గుణం గురించి కూడా చెప్పేస్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి. ఎవరు ఎక్కువమందితో మాట్లాడతారో చూసే పోటీల రోజున హామ్ ఎవరు పిలిచినా ‘ఫైవ్ నైన్’ అంటాడు. అంటే నీ సిగ్నల్ గంట కొట్టినట్టుంది అని. వెంటనే, ‘మీ కాల్ సైన్ మళ్లీ చెప్పండి, వినబడలేదు’ అంటాడు. నాణేల సంతలో ప్రతి నాణెమూ ‘యూఎన్‌సీ’యే, చేతులు మారనిదే. రాజుగారి ముక్కు అరిగిపోయి చెంపలో కలిసిపోయినా సరే. అందుకే నేను కొత్తవాళ్లకి చెప్పేది ఒకటే: గ్రేడు, అంటే నాణెం ఎంత అరిగిందన్నది, అమ్మేవాణ్ని అడగొద్దు, ఆ నాణెంతో లాభం లేని స్నేహితుణ్ని అడుగు.

సేకరణ అనేది నాణేల వాళ్ల గుత్త సొత్తని అనుకునేవాళ్లకి ఒక కథ. హామ్‌లు దేశాలు సేకరిస్తారు. వంద దేశాలతో మాట్లాడినట్టు రుజువు చూపిస్తే డీఎక్స్‌సీసీ అని సర్టిఫికెట్ ఇస్తారు. ఆ లెక్కలో అండమాన్, లక్షద్వీప్ భారతదేశం కిందికి రావు, విడివిడి ‘దేశాలు’. అండమాన్ నుంచి చాలా కాలం ఎవరూ పిలవకపోవడంతో ప్రపంచమంతా దాని కోసం మొహం వాచి ఉంది. 2004 డిసెంబర్లో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నుంచి భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి సెట్లు పెట్టింది. వెళ్లింది సరదాకే, నలుగురి ఆల్బమ్‌లో ఒక ఖాళీ నింపడానికే. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. అవే సెట్లు, అవే యాంటెన్నాలు, కాకపోతే ఇప్పుడు అవతలి వైపు వెళ్లేది సిగ్నల్ రిపోర్టు కాదు, ఫలానా వారు క్షేమం అన్న కబురు. మన పోర్టు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడలు నడుస్తాయి కాబట్టి ఇక్కడ చాలా ఇళ్లకి అక్కడ మనుషులున్నారు. ఆ కబుర్ల విలువ ఈ ఊరికి వేరే చెప్పనక్కర్లేదు.

2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ తుఫాను సంగతీ మీకు కొత్త కాదు. కైలాసగిరి మీద వాతావరణం చూసే డాప్లర్ రాడార్ కూడా ఆ గాలికి పనిచేయకుండా పోయింది. సెల్ టవర్లు పడుకున్నాక ఊరు ఊరంతా పక్క వీధికి కూడా దూరమైపోయింది. అలాంటప్పుడు బ్యాటరీ మీద నడిచే సెట్టూ, రెండు స్తంభాల మధ్య కట్టిన తీగా చాలు. 40 మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ యాంటెన్నా అంటే 20 మీటర్ల రాగి తీగ. పగటిపూట అది మన జిల్లాల దాకా చక్కగా పలుకుతుంది. అప్పుడు కూడా పని చేసేది క్రమశిక్షణే. కబురులో ఎన్ని మాటలున్నాయో ముందే చెప్పి పంపుతారు, తీసుకున్నవాడు లెక్కపెట్టుకుని తేడా వస్తే మళ్లీ అడుగుతాడు.

రాగి అన్నాను కాబట్టి ఉప్పుగాలి గురించి కూడా. ఇది మన బీచ్‌రోడ్డు వాసులందరి గోడు. మేడ మీద యాంటెన్నా నుంచి సెట్టుకి వచ్చే కోయాక్సియల్ కేబుల్ కనెక్టర్ విప్పితే లోపల పచ్చగా చిలుము. బీరువాలో ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం తీస్తే దాని మీదా అదే చిలుము. ఇక్కడ మాత్రం రెండు పక్షాల వైద్యం వేరు. కనెక్టర్‌ని గీకండి, అవసరమైతే కోసి పారేయండి. నాణేన్ని ముట్టుకోవద్దు. ఒకావిడ కొంగులో కట్టుకుని విక్టోరియా వెండి రూపాయి తెచ్చారు. ‘చూడు నాయనా, మా అత్త ఇచ్చినాది. చింతపండెట్టి బాగా తోమి తెచ్చాను, ఎలా మెరిసిపోతందో!’ అన్నారు. నిజంగానే మెరిసిపోతోంది. రాణిగారి జుట్టులో పాయలు లేవు, మెడలో నగ లేదు. ‘బాగుందమ్మా, మనవరాలికివ్వండి’ అన్నాను. ఇంకేమంటాం? 11.66 గ్రాముల వెండి రూపాయి ఎక్కడికీ పోలేదు, మీద ఉన్న నూట ముప్పై ఏళ్లే చింతపండు రసంలో కొట్టుకుపోయాయి.

పిల్లలు కొందరు వచ్చారు. మీకు పాత నాణెం అక్కర్లేదమ్మా. జేబులో రూపాయి తీసి సంవత్సరం కింద చూడండి. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాల, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇంట్లో చిల్లర డబ్బా అంతా ఇలా వేరుచేసి పుస్తకంలో రాయండి. ఖర్చు లేదు. భూతద్దం అలవాటయ్యాక 1911 జార్జి రూపాయి కథ అడగండి. రాజుగారి దుస్తుల మీది ఏనుగు చూసేవాళ్లకి పందిలా కనబడి గొడవైతే, ఆ రూపాయిలు వెనక్కి తీసుకుని 1912లో బొమ్మ మార్చి కొట్టారు. అంత చిన్న తొండం దగ్గర ఒక ప్రభుత్వం దిగొచ్చింది.

చట్టం గురించి నాలుగు ముక్కలు, విసుక్కోకండి. నెట్‌లో చవగ్గా వచ్చిందని చైనా వాకీటాకీ కొని మాట్లాడేయకూడదు, పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. పన్నెండేళ్లు నిండితే రాయొచ్చు. అలాగే పొలంలో లంకెబిందె దొరికితే, పది రూపాయల విలువ దాటిందంటే కలెక్టరుకి చెప్పి తీరాలి, అది 1878 నాటి చట్టం. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలిస్తామని ఫోన్ చేసేవాడు మోసగాడు. రిజర్వ్ బ్యాంకే 2021లో ఈ సంగతి హెచ్చరించింది. ముందుగా ‘ఛార్జీలు’ కట్టమన్నాడంటే ఫోన్ పెట్టేయండి.

చివరగా ఒక్క పని చెప్పి దిగిపోతాను. హామ్ చనిపోతే మా వాళ్లు ‘సైలెంట్ కీ’ అంటారు, మూగబోయిన మీట అని. ఆ తర్వాత ఏమవుతుందో కూడా చూస్తున్నాం. లాగ్‌బుక్కులు పాత పేపర్ల వాడి తక్కెడలోకి, సెట్టు అటక మీదికి. నాణేల వాళ్లింట్లో అయితే కవర్లు చింపి వెండి ఒక్కటీ ఏరి కంసాలి దగ్గరికి. పిల్లల్ని తిట్టి లాభం లేదు, వాళ్లకి మనం చెప్పలేదు. బల్ల మీద నోటుపుస్తకాలు పెట్టించాను, ఇవాళ ఒక్కొక్కరు ఒకటి తీసుకోండి. మొదటి పేజీలో మూడు రాయండి: ఏ వస్తువు ఎక్కడుంది, ఎక్కణ్నించి వచ్చింది, మీ తర్వాత ఎవరికివ్వాలి. ఆ మూడో దానికి ఇంట్లోవాళ్ల పేరే రాయనక్కర్లేదు. రెండో పేజీ ఖాళీగా ఉంచి, పుస్తకాన్ని అవతలి పక్షంలో కూర్చున్న ఒకరికిచ్చి చదివించండి. వాళ్లకి అర్థం కానిది ఆ పేజీలో రాయమనండి. టీ వచ్చేలోపు అయిపోతుంది.