బొగ్గులో బూడిద ఎంత?
(హనుమకొండలో డిగ్రీ కళాశాలల రసాయనశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

యూరియా ఎలా తయారవుతుందో ఇంటర్ పిల్లలను అడిగినా చెబుతారు. అమోనియా, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే యూరియా, నీరు. సమీకరణం రాస్తే మార్కులు పడతాయి. అదే సమీకరణాన్ని నమ్ముకున్న రామగుండం ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతపడింది.

సమీకరణంలో తప్పేమీ లేదు. పక్కనే సింగరేణి బొగ్గు. దాన్ని ఆవిరి, ఆక్సిజన్‌తో గ్యాసుగా మార్చి, అందులోని హైడ్రోజన్‌తో అమోనియా చేద్దామనుకున్నారు. మంచి ఆలోచనే. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఆ వేడికి అది కరిగి పేరుకుంటుంది, యంత్రాలను అరగదీస్తుంది. దానికి కరెంటు కష్టాలు, నష్టాలు తోడయ్యాయి. అదే చోట మళ్లీ కట్టిన కర్మాగారం బొగ్గు జోలికే పోలేదు. సహజవాయువుతో ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తీసే సామర్థ్యం దానిది.

బొగ్గులో బూడిద శాతం కనుక్కోవడం బ్రహ్మవిద్య కాదు. గ్రాము పొడిని క్రూసిబుల్‌లో, అంటే వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో పోసి, మఫిల్ ఫర్నేస్ అనే మూసిన కరెంటు కొలిమిలో 800 డిగ్రీల పైచిలుకు వేడిలో, బరువు ఇక తగ్గనంతవరకు కాల్చి, మిగిలింది తూయాలి. గోదావరిఖని నుంచి భూపాలపల్లి దాకా బొగ్గు మీదే కూర్చున్న మన కళాశాలల్లో ఎన్నింటిలో ఈ ప్రయోగం చేయిస్తున్నాం? సాల్ట్ అనాలిసిస్ మాత్రం ఏటా తప్పదు. ఇచ్చిన లవణం ఏమిటో అటెండరు కనుసైగతోనే తెలిసిపోతుందని ఈ హాల్లో తెలియనివారు లేరు కాబట్టి, ఆ సంగతి వదిలేస్తాను.

హైదరాబాద్ మందుల పరిశ్రమ కథ తెలిసిందే. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అంటే, తెలిసిన అణువుకే మరో దారి వెతకగలిగినవాడిదే వ్యాపారం. చట్టం దేశమంతటికీ ఒకటే. ఆ దారి వెతికే చేతులు ఇక్కడ తయారుగా ఉన్నాయి. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఆ చేతులకు బడి అయింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. దిగుబడి ఎందుకు పడిపోయింది, ద్రావణిని తిరిగి ఎలా రాబట్టాలి అన్న ప్రశ్నలు ఫ్యాక్టరీలో అడుగుతారు. మన ప్రశ్నపత్రంలో అవి కనిపించవు.

ఇప్పుడు గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కు వచ్చింది. నూలుతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ రంగు వేసేటప్పుడు ఉప్పు రంగును నూలు మీదికి నెడుతుంది, వాషింగ్ సోడా దాన్ని అక్కడ బిగిస్తుంది. బిగియని రంగు, ఉప్పంతా నీళ్లలోకే. ఆ నీటిని శుద్ధి చేయడం కూడా రసాయనశాస్త్రమే, అదీ ఉద్యోగం ఇచ్చే రసాయనశాస్త్రం.

అందుకే విభాగాధిపతులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో ఒకటి బొగ్గు మీద, ఒకటి అద్దకం నీళ్ల మీద పెట్టండి. రికార్డులో పుస్తకం విలువ కాకుండా విద్యార్థి తూచిన విలువే ఉండాలి, తప్పుగా వచ్చినా సరే, ఎందుకు వచ్చిందో రాస్తే మార్కులివ్వండి. అంతకన్నా ముందు, మీ మఫిల్ ఫర్నేస్ వేడెక్కుతోందో లేదో రేపు ఒకసారి చూడండి.